మడమ తిప్పకుండా

తెల్లారి నాలుగుంపావుకి అలారం.
మంచం నేను దిగకముందే భయం దిగుతుంది.
మొదటి అడుగు:
రాత్రంతా ఎవరో నా మడమలో దాచిన మేకు
నా బరువు కోసమే కాచుక్కూచున్నట్టు.
గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా ఏడడుగులు.
పెళ్ళినాడు కూడా ఇంత లెక్కగా వెయ్యలేదు.

సింహాచలం నుంచి బీచ్‌కి, ఇరవయ్యెనిమిదో నంబరు బస్సు,
పందొమ్మిదేళ్ళుగా కండక్టర్ని.
"కాలికి బలపం కట్టుకుందిది" అనేది మా అమ్మ.
బలపం ఎప్పుడో అయిపోయింది.
ఇప్పుడు కాలే అరుగుతోంది.
నాకంటూ ఒక సీటుంది, పైన రాసి కూడా ఉంది.
కడుపుతో ఉన్నవాళ్ళూ, కర్రతో ఎక్కినవాళ్ళూ
వరసగా అందులోనే కూచుంటారు.
లెమ్మనడానికి నాకు నోరు రాదు.

"గిరిప్రదక్షిణ మధ్యలో ఆటో ఎక్కీసినావు కదేటి,
అప్పన్న ఊరుకుంటాడా?" అంది అత్త.
పక్కింటి పైడమ్మ ఇటుక కాల్చి
జిల్లేడాకులు పరిచి తొక్కమంది. తొక్కాను.
ఇల్లంతా పచ్చాకు కమురు. మేకు కదల్లేదు.
ఎక్స్‌రేలో ముల్లంత ఎముక కనిపించింది.
"నొప్పి దానివల్ల కాదులే" అని డాక్టరు
ఆ ఒక్క ఆశ కూడా పీకేశాడు.

కంచరపాలెంలో పచారీ కొట్టు మీద గది.
మెట్లు పద్నాలుగు. కాలు నొప్పి వాళ్ళకి మేడ మీద వైద్యం!
ఎస్తేరు అనే పిల్ల, నా కూతురంత ఉంటుంది,
బొటనవేలితో మడమ లోపలి అంచు నొక్కి
"ఇక్కడేనా?" అంది.
నేను సింహాద్రప్పన్న పేరుతో జవాబిచ్చాను.

"మడమ ఒక్కదాని తప్పు కాదమ్మా.
పిక్క బిగిసిపోయింది.
పైవాడు లాగుతుంటే కిందవాడు ఏడుస్తున్నాడు."
ఈ సంగతి డిపోలో అందరికీ తెలుసు,
కాళ్ళలో కూడా ఇదే పద్ధతని మాత్రం తెలీదు.

గోడకి చేతులు ఆనించి నిలబెట్టింది.
"ఎడంకాలు వెనక్కి. మోకాలు వంచకండి.
మడమ లేవనివ్వకండి. ఆఁ, మడమ తిప్పకండి!"
మడమ తిప్పని వీరుల గురించి బళ్ళో చదివాను.
గోడకేసి చూస్తూ ముప్పై లెక్కపెట్టమంటే
ఎంతమంది నిలబడేవారో.

నేల మీద తువ్వాలు పరిచి కాలివేళ్ళతో దగ్గరికి లాగాలి.
మెట్టు అంచున మునివేళ్ళ మీద లేవాలి, మెల్లగా దిగాలి.
ఇంట్లో కూడా చెప్పులు విడవకూడదు.
"ఎన్నాళ్ళు?"
"మూడు నెలలు. మొదటివారం విసుగొస్తుంది."
"తర్వాత?"
"ఇంకా విసుగొస్తుంది."
అబద్ధం చెప్పనందుకు ఆ పిల్ల నాకు నచ్చింది.

నీళ్ళ సీసా గడ్డకట్టించి అరికాలి కింద దొర్లించమంది.
సంచిలో పెట్టుకుని డ్యూటీకే తీసుకెళ్ళాను.
ఖాళీ ట్రిప్పులో, నా సీట్లో నేనే కూచుని,
చెప్పు విప్పి, అటూ ఇటూ, అటూ ఇటూ.
జగదాంబ దగ్గర జనం ఎక్కారు.
పాండురంగాపురం దిగుడులో అప్పలకొండ బ్రేకేశాడు.
సీసా నా కాలు వదిలి
కాలేజీ పిల్లల బూట్ల మధ్యనుంచి, చేపల గంపను రాసుకుంటూ
గేర్ రాడ్ దాకా దొర్లిపోయింది.
అద్దంలో సముద్రం. నేనేమో ఒంటికాలి మీద.

"మేడమ్ గారి సీసా" అన్నారెవరో.
రోజూ టిక్కెట్టూ చిల్లరా వెళ్ళే దారినే
చేతిలోంచి చేతిలోకి వెనక్కొచ్చింది.
చల్లదనానికి ప్రతి చెయ్యీ ఒకసారి ఉలిక్కిపడి.
గంపావిడ మాత్రం కాసేపు తన మోకాలికి ఆనించుకుని
అప్పుడిచ్చింది.

ఇవాళ నలభై మూడో రోజు.
నాలుగుంపావు. దీపం వెయ్యకుండా,
తువ్వాలు పాదానికి తగిలించి నా వైపు లాగుతాను.
హోల్డాన్...
పిక్కలో తాడు ఒక్కో పోగూ వదులవుతుంది.
ఇరవయ్యెనిమిది, ఇరవైతొమ్మిది.
కాలు కిందపెడతాను. మేకుంది,
మొన మాత్రం కొంచెం మొండిది.
మా ఆయన నిద్రలోనే గొణుగుతాడు:
"ఎవరెక్కారే?"
ఎవరూ లేరు, పడుకో.
రైట్... రైట్.